అవతలివాడికి విరుగుడు తెలిసుంటే?

నా దగ్గర చదరంగం నేర్చుకునే పిల్లలు తరచూ ఏదో వీడియో చూసి ఉత్సాహంగా వస్తారు. "ఎనిమిది ఎత్తుల్లో ఆట కట్టు సార్!" అంటారు. అది చాలాసార్లు ఎంగ్లుండ్ గాంబిట్టే అయి ఉంటుంది. గాంబిట్ అంటే మొదట్లోనే బంటును వదులుకుని దూకుడు సంపాదించడం.

ఇందులో తెల్లవాడు మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు నడపగానే, నల్లవాడు రాజు ముందున్న బంటును ఎదురుగా తోసి ఎరవేస్తాడు. కాసేపటికి నల్ల మంత్రి చెక్ చెప్పి, ఒక బంటును కొట్టి, ఏనుగు మీద గురిపెడుతుంది. కంగారులో తెల్లవాడు బిషప్‌తో మంత్రిని తరమబోయాడా, ఎనిమిదో ఎత్తుకు ఆట కట్టే. బిషప్‌కు బదులు గుర్రాన్ని తీశాడా, ఆ మంత్రి శత్రువు ఇంట్లో ఒంటరిగా చిక్కుతుంది. దాన్ని ఆదుకోవాల్సిన బలగంలో చాలావరకు ఇంకా కదలనే లేదు.

ప్రమాదం ఉన్న ఓపెనింగులన్నీ ఇలాంటివి కావు. కింగ్స్ గాంబిట్‌లో తెల్లవాడు ఇచ్చేది తన రాజును కాపాడే బంటునే. అయినా బదులుగా నడి బోర్డు మీద పట్టు, దాడికి తెరుచుకున్న దారి దక్కుతాయి. 1851లో లండన్‌లో ఆండర్సన్ ఈ దారిలోనే ఒక బిషప్‌ను, రెండు ఏనుగులను, మంత్రిని కూడా వదిలేసి కీసెరిట్స్కీని ఓడించాడు. 1960లో స్పాస్కీ చేతిలో ఇదే ఓపెనింగ్‌లో ఓడిన ఫిషర్, మరుసటేడు దీన్ని తోసిపుచ్చుతూ వ్యాసం రాశాడు. తర్వాత తానే దీన్ని ఆడి గెలిచాడు.

అందుకే పిల్లల్ని ఒకటే అడుగుతాను: "అవతలివాడికి విరుగుడు తెలిసుంటే నీ చేతిలో ఏం మిగులుతుందిరా?" కింగ్స్ గాంబిట్‌లో ఆట మిగులుతుంది, ఓడినా దాడి ఎలా కట్టాలో తెలుస్తుంది. ఎంగ్లుండ్‌లో మిగిలేది ఎదుటివాడి తప్పు కోసం ఎదురుచూపే. ఎంగ్లుండ్ కాకపోయినా, ఇలాగే తొందరపడి రెండో ఎత్తుకే మంత్రిని బయటికి తీసే సాహసం గ్రాండ్‌మాస్టర్ నకమురా కూడా 2005లో మన శశికిరణ్ మీద చేసి, సుదీర్ఘమైన ఆటలో ఓడిపోయాడు.

కొత్తగా నేర్చేవాళ్లు గాంబిట్లు ఆడొచ్చు. అయితే ముందు రోజు ఇంట్లో బోర్డు తిప్పి, ఎదుటివాడి వైపు కూర్చుని విరుగుడు వెతకాలి. అది దొరికాక కూడా ఆ ఓపెనింగ్ ఆడాలనిపిస్తేనే టోర్నమెంటుకు తీసుకెళ్లాలి.