పిల్లి వైర్లు కొరుకుతోందా? స్విచ్ ఆపితే సరిపోదు (వీడియో పూర్తి పాఠం)

ముందు ఇది చూడండి. నా చేతిలో ఉన్నది ఫోన్ ఛార్జర్ కేబుల్. చివరి నుంచి జానెడు దూరంలో చిన్న చిన్న గాట్లు కనిపిస్తున్నాయా? మా జున్ను పని. జున్ను అంటే మా పిల్లి. ఇలాంటివి నాలుగు పోయాయి. మొదటి మూడు పోయినప్పుడు నేను నవ్వుకున్నాను, ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. అక్కడే తప్పు చేశానని తర్వాత తెలిసింది.

ఎందుకంటే ఫోన్ కేబుల్‌లో ఉండేది 5 వోల్టులు. ఫాస్ట్ ఛార్జింగ్ అయితే 9, 12, కొన్నింట్లో 20 దాకా వెళ్తుంది. మంచి అడాప్టర్ అయితే దానివల్ల పిల్లికి ప్రాణం మీదకి రావడం అరుదు. కానీ అది ఫోన్ వైరు, ఇది టేబుల్ ఫ్యాన్ వైరు అని పిల్లికి తేడా ఏం తెలుస్తుంది? దాని దృష్టిలో రెండూ వేలాడుతూ, కదులుతూ, పంటికి మెత్తగా తగిలే తాళ్ళే. ఫ్యాన్ వైర్లో ఉండేది 230 వోల్టులు. ల్యాప్‌టాప్ ఛార్జర్ అయితే ఒకే వైర్లో రెండు రకాలు: నల్ల డబ్బా నుంచి ల్యాప్‌టాప్ వైపు సుమారు 20, డబ్బా నుంచి గోడ వైపు 230. అందుకే ఫోన్ కేబుల్ మీద గాట్లు కనిపించిన రోజే జాగ్రత్త పడాలి. నేను పడలేదు.

ఒక రాత్రి పదకొండు దాటాక హాల్లోంచి టప్ అని చప్పుడు. విజయవాడలో మేం అప్పుడు అద్దెకున్నది పాత ఇల్లు. వెళ్ళి చూస్తే జున్ను టేబుల్ ఫ్యాన్ పక్కన బిగుసుకుపోయి ఉంది, వైరు ఇంకా నోట్లోనే ఉంది. నేను ఎత్తుకోవడానికి వంగాను. మా తమ్ముడు వెనక నుంచి "ముట్టుకోకే!" అని అరిచి మెయిన్ ఆపేశాడు. వాడు అరవకపోతే నాక్కూడా షాక్ కొట్టేది. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: పిల్లి నోట్లో వైరు ఉండగా పిల్లిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ అందకపోతే ఎండిన చీపురుకర్రతోనో ప్లాస్టిక్ కర్రతోనో వైరుని పక్కకి నెట్టాలి. తడి చేతులు, తడి నేల, ఇనుప కడ్డీ వద్దే వద్దు.

కరెంటు ఆపగానే జున్ను లేచి, కాసేపు తూలి, మంచం కిందకి దూరింది. అరగంటకి బయటకొచ్చి నీళ్ళు తాగింది. "హమ్మయ్య, ఏం కాలేదు" అంది అమ్మ. నేనూ అదే అనుకుని పడుకోబోయాను. ఎందుకో మనసొప్పక పశువుల డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, "మామూలుగా కనిపించడం లెక్కలోకి రాదమ్మా, తీసుకురండి" అన్నారు. తెల్లారేసరికి జున్ను నోరు తెరిచి ఆయాసపడుతోంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో నీరు. షాక్ తగిలిన పిల్లికి ఇది వెంటనే రాకపోవచ్చు, కొన్ని గంటలకి, ఒక్కోసారి మర్నాటికి వస్తుందట. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి, రెండు రోజులు ఉంచుకున్నారు. బతికింది. నాలుక అంచున చిన్న ముక్క మాత్రం కాలి ఊడిపోయింది.

కాబట్టి షాక్ తగిలిందని అనుమానం వచ్చినా సరే, పిల్లి ఎంత హుషారుగా ఉన్నా డాక్టర్‌కి చూపించండి. పడుకున్నప్పుడు దాని డొక్క చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. అంతకంటే ఎక్కువగా ఉన్నా, నోరు తెరిచి పీలుస్తున్నా ఆలస్యం చేయొద్దు. మరో సంగతి, నోట్లో కాలిన గాయం ఒకటి రెండు రోజులు ఆగి బయటపడొచ్చు. చొంగ కారడం, తిండి దగ్గరికొచ్చి వెనక్కి పోవడం, పెదవి మూల తెల్లగా పాలిపోవడం గమనించండి. పసుపు, వెన్న, టూత్‌పేస్ట్ రాయకండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ అసలే వేయకండి. పిల్లికి అది విషం, ఒక్క మాత్ర చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న: కొరక్కుండా చేయడం ఎలా? పిల్లికి నేర్పించడం ఆ తర్వాత, ముందు వైర్ల సంగతి చూడండి. వాడని వస్తువుకి స్విచ్ ఆపితే చాలనుకుంటాం కదా, చాలదు. కొన్ని పాత ఇళ్ళలో స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి ఇచ్చేసి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపినా, ఫ్యాన్ తిరగకపోయినా, వైర్లో ఫేజ్ ఉంటుంది. అందుకని ప్లగ్ పీకేయడమే ఖాయమైన పద్ధతి. బయటికెళ్ళేటప్పుడు, పడుకునేటప్పుడు ఫ్రిజ్, వైఫై రూటర్ లాంటివి తప్ప మిగతావన్నీ పీకేయండి.

మరి ఆర్‌సీసీబీ ఉంది కదా అంటారేమో. ఉంటే మంచిదే, ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంప్స్ లీకేజీకే పడిపోతుంది. కానీ అది పసిగట్టేది నేలలోకి పోయే కరెంటునే. పిల్లి పళ్ళ మధ్యకి ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకేసారి వస్తే కరెంటు ఒక తీగ నుంచి ఇంకో తీగకి నోట్లోంచే పోతుంది. అప్పుడు ఆర్‌సీసీబీ పడకపోవచ్చు. ఎంసీబీ అయితే వైరింగ్‌ని కాపాడటానికి పెట్టింది, పిల్లిని కాదు.

పీకడానికి వీల్లేని వైర్లకి ఎలక్ట్రికల్ షాపులో ముడతలు ముడతలుగా ఉండే ఫ్లెక్సిబుల్ పైపు అడగండి, మీటర్ల లెక్కన ఇస్తారు. నిలువునా కోసి వైరు మీద తొడిగేయొచ్చు, ప్లగ్ విప్పక్కర్లేదు. గోడ వెంట పోయే వాటికి కేసింగ్ పట్టీ. వేలాడే వైరు వేలాడకూడదు, అంతే. ఒక్కటి గుర్తుంచుకోండి, అడాప్టర్లని మూసిన డబ్బాలో పెట్టి గుడ్డ కప్పేయకండి, వేడెక్కుతాయి. గాటు పడ్డ 230 వోల్టుల వైరుకి టేపు చుట్టి వాడకండి, మార్చేయండి.

చేదు స్ప్రేలు పెట్ షాపుల్లో దొరుకుతాయి. పిల్లి నాలుకకి తీపి తెలియదు కానీ చేదు బాగా తెలుసు. కొన్ని పిల్లులు మానేస్తాయి, కొన్ని లెక్కచేయవు. మా జున్ను రెండో రకం. రోజులు గడిచేకొద్దీ వాసన పోతుంది, మళ్ళీ మళ్ళీ కొట్టాలి. ఇంట్లో పెద్దవాళ్ళు కారం రాయమంటారు, నీలగిరి తైలమో నొప్పుల బామో పూయమంటారు, కలరా ఉండలు పడేయమంటారు. కారం కళ్ళలో పడితే నరకం. మిగతావి పిల్లికి విషం. వద్దు.

ఇక పిల్లి వైపు నుంచి చూద్దాం. మూడున్నర, నాలుగు నెలల వయసులో పాలపళ్ళు ఊడటం మొదలై, ఆరేడు నెలలకి 30 కొత్త పళ్ళు వచ్చేస్తాయి. ఆ మధ్యలో చిగుళ్ళు దురద, ఏది దొరికితే అది కొరుకుతుంది. చల్లటి తడిగుడ్డ, పిల్లుల కోసమే అమ్మే కొరుకుడు బొమ్మ ఇవ్వండి. కుండీలో గోధుమలు చల్లితే వారంలో గడ్డి వస్తుంది, అది కూడా నములుతుంది. పెద్ద పిల్లి ఉన్నట్టుండి కొరకడం మొదలుపెడితే మాత్రం పంటి నొప్పో ఇంకో జబ్బో ఉండొచ్చు, చూపించాలి.

చాలా ఇళ్ళలో అసలు కారణం విసుగు. మనం రోజంతా ఫోన్ చూస్తూ కూర్చుంటాం, అది వైరు పట్టుకోగానే "ఏయ్!" అని లేస్తాం. దానికి కావలసింది ఆ లేవడమే! అరవకుండా వైరు తీసేసి, వేరే బొమ్మ ముందు పెట్టండి. కొట్టడం, నీళ్ళు చల్లడం వల్ల మీరు లేనప్పుడు కొరకడం నేర్చుకుంటుంది. మేం ఇప్పుడు రాత్రి పది నిమిషాలు ఈకల కర్రతో పరిగెత్తించి, వెంటనే తిండి పెడుతున్నాం. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని, పడుకోవడం పిల్లి నైజం. ఆట అయ్యాక ఆ ఈకల దారం బీరువాలో దాచేయండి. మింగితే పేగులు కోసేస్తుంది. ఎప్పుడైనా నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకుండా డాక్టర్ దగ్గరికెళ్ళండి.

వీడియో ఇక్కడ ఆపి ఒక పని చేయండి: రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తే పశువుల డాక్టర్ మీ ఊళ్ళో ఎవరో కనుక్కుని ఆ నెంబర్ సేవ్ చేసుకోండి. ఆ రోజు నేను దాన్ని వెతకడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఉంటాను మరి, జున్ను రింగ్ లైట్ వైరు దగ్గరికి వెళ్తోంది.