గడ్డి కోసే యంత్రం: పెట్రోలా, బ్యాటరీయా?

తొలకరి పడిన పదిహేను రోజులకల్లా పెరడంతా పచ్చబడుతుంది. గరిక, తుంగ, గునుగు, వయ్యారిభామ పోటీలుపడి లేస్తాయి. ఇదివరకు వీటి పని కొడవలి, దోకుడుపార చూసుకునేవి. ఇప్పుడు భుజానికి బెల్టు తగిలించుకుని, పొడుగాటి గొట్టం చివర గిర్రున తిరిగే యంత్రంతో గడ్డి కోసేవాళ్లను పల్లెల్లో కూడా చూస్తున్నాం. ఈ యంత్రాలు రెండు రకాలు. ఒకటి పెట్రోలుతో నడుస్తుంది, రెండోది బ్యాటరీతో నడుస్తుంది. మన పెరటికి ఏది కొందామని మీ నాన్నగారు మిమ్మల్ని అడిగారనుకోండి. ఏం చెబుతారు? ధర చెప్పడానికి దుకాణదారు ఉన్నాడు. సైన్సు చదువుకునేవాళ్లు ముందు లెక్క వేయాలి.

అంతకన్నా ముందు ఒక వింత గమనించండి. ఈ యంత్రాల్లో చాలావాటికి కత్తి ఉండదు. గడ్డిని కోసేది నైలాన్ దారం! మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. చేత్తో పట్టుకుంటే మెత్తగా వంగిపోతుంది. అలాంటి దారం గడ్డిని ఎలా కోస్తుంది?

ఈ ఊహ 1971లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో జార్జి బల్లాస్ అనే ఆయనకు వచ్చింది. చెట్ల మొదళ్ల చుట్టూ బెరడు చెడకుండా గడ్డి తీయడమెలాగా అని ఆయన ఆలోచిస్తున్న రోజులవి. కార్లు కడిగేచోట పెద్ద పెద్ద నైలాన్ కుంచెలు గిరగిర తిరుగుతూ కారును తుడుస్తున్నాయి. తిరుగుతున్నంతసేపూ ఆ కుంచెల పోగులు బిరుసుగా నిలబడి ఉండటం ఆయన చూశారు. ఇంటికి వెళ్లి ఖాళీ రేకు డబ్బాకు చిల్లులు పొడిచి, వాటిలోంచి చేపలు పట్టే దారం తీసి, తిరిగే యంత్రానికి బిగించారు. గడ్డి తెగింది.

కారణం మీకు తెలిసినదే. వడిసెల తిప్పేటప్పుడు తాడు కర్రలా బిగిసిపోతుంది కదా! ఇక్కడ రాయి లేదు, దారానికి దాని సొంత బరువే రాయి. యంత్రం నిమిషానికి 6,000 సార్లు తిరుగుతున్నదనుకుందాం. అంటే సెకనుకు 100 సార్లు. దారం కొస కేంద్రానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఒక్క చుట్టుకు అది 94 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 94 మీటర్లు, గంటకు దాదాపు 340 కిలోమీటర్లు! అంత వేగంతో తగిలితే లేత కాడకు వంగే వ్యవధి కూడా ఉండదు, తెగిపోతుంది. లేత జామ మొక్క బెరడును కూడా ఈ దారం ఒలిచేస్తుంది. అందుచేత చిన్న మొక్కల చుట్టూ అడుగు మేర చేత్తో పీకడమే మంచిది.

దారాన్ని తిప్పడం వరకే ఇంజను పనైనా, మోటారు పనైనా. తేడా అంతా ఆ తిప్పే శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న దానిలో ఉంది.

బ్యాటరీ మీద ‘18 వోల్టులు, 4 ఆంపియర్-గంటలు’ అని రాసి ఉంటుంది. రెంటినీ గుణించండి. 72 వాట్-గంటలు. బ్యాటరీలను పోల్చేటప్పుడు చూడవలసినది ఈ అంకెనే. కొన్ని కంపెనీలు ఇదే బ్యాటరీని 20 వోల్టులదని అమ్ముతాయి. లోపల ఉండేవి అవే అయిదు ఘటాలు. ఒక్కొక్కటి పనిచేసేటప్పుడు సుమారు 3.6 వోల్టులు, అప్పుడే చార్జి చేసినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. మొదటి అంకెను అయిదుతో గుణిస్తే 18, రెండోదాన్ని గుణిస్తే 21 వస్తాయి. అంకె పెద్దదని మోసపోకండి. మోటారు 300 వాట్లు లాగుతుంటే 72 వాట్-గంటలు పావుగంటలో అయిపోతాయి.

మరి పెట్రోలో? ఒక కిలో పెట్రోలులో దాదాపు 12,000 వాట్-గంటల శక్తి ఉంది. అంటే బ్యాటరీలో పట్టిన మొత్తం శక్తి ఆరు గ్రాముల పెట్రోలులో ఉంటుందన్నమాట. అది ఎనిమిది మిల్లీలీటర్లు, రెండు చిన్న చెంచాలైనా నిండవు! ఇది చూసి పెట్రోలే గొప్పదని అనేసే పిల్లలు ప్రతి ఏడూ నా క్లాసులో ఉంటారు. ఉన్న శక్తి వేరు, చేతికి వచ్చే పని వేరు. ఈ చిన్న ఇంజన్లు పెట్రోలు శక్తిలో ఆరో వంతో, అయిదో వంతో మాత్రమే పనిగా మార్చగలవు. మిగతాది వేడి. విద్యుత్ మోటారు నూటికి ఎనభై పాళ్లు పనిగా మారుస్తుంది. ఈ సంగతి కలిపి లెక్కిస్తే ఎనిమిది మిల్లీలీటర్లు కాస్తా నలభై దాకా అవుతాయి.

అయినా నలభై మిల్లీలీటర్లు ఎక్కువేమీ కాదు. అసలు చిక్కు ఆ పెట్రోలు మండే తీరులో ఉంది. ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం రెండు స్ట్రోకుల ఇంజన్లే. పాత స్కూటర్ల నీలిపొగ మీ తాతగారిని అడిగితే చెబుతారు. ముషలకం కిందికి దిగినప్పుడు కొత్త ఇంధనం లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి కొంతసేపు రెండూ తెరుచుకునే ఉంటాయి. వచ్చిన ఇంధనంలో కొంత మండకుండానే పొగతోపాటు బయటపడుతుంది. పాతరకం ఇంజన్లలో ఇది నాలుగో వంతు దాకా ఉండవచ్చు. పైగా ఈ ఇంజనుకు వేరే నూనె తొట్టి ఉండదు కాబట్టి పెట్రోలులోనే నూనె కలపాలి. 50 పాళ్లకు ఒక పాలు కలపమంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కు ఒకటి అంటే 40. కలపడం మరిచిపోతే ముషలకం పట్టేస్తుంది. ఆ నూనె కూడా కొంత మండి, కొంత మండక పొగలో కలుస్తుంది. ఇందుకే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుంచి కొత్తగా తయారయ్యే ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి కాలుష్యం సున్నా ఉండాలన్నది.

బ్యాటరీకి పొగే లేదా? రామగుండంలోనో, విజయవాడలోనో బొగ్గు మండితేనే కదా కరెంటు వచ్చేది! నిజమే. అయితే ఒక్క చార్జికి పట్టేది యూనిట్‌లో పదో వంతు లోపే. ఆ పొగ ఎత్తయిన గొట్టంలోంచి పోతుంది. పెట్రోలు యంత్రం పొగ మాత్రం కోసే మనిషి ముఖానికి ఒకటిన్నర గజం దూరంలో వెలువడుతుంది.

పొగకంటే చప్పుడు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. పెట్రోలు యంత్రం పట్టుకున్నవారి చెవి దగ్గర ధ్వని 95 నుంచి 100 డెసిబెళ్ల దాకా ఉంటుంది. బ్యాటరీది 80, 85 దగ్గర. పదిహేనే కదా తేడా అనకండి. పది డెసిబెళ్లు పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది, ఇరవై పెరిగితే వంద రెట్లు! 85 డెసిబెళ్ల చోట ఎనిమిది గంటలు పనిచేయవచ్చునని, ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకూ వ్యవధి సగం చేయాలని శాస్త్రజ్ఞుల సలహా. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. ఇలా దిగుతూ పోతే 100 డెసిబెళ్లకు పావుగంటే మిగులుతుంది. కూలికి గడ్డి కోసే మనిషి రోజుకు ఆరేడు గంటలు ఈ హోరులో ఉంటాడు. చెవులకు తలపాగా అంచు చుట్టుకుంటాడు. గుడ్డ ఈ చప్పుడును ఆపలేదు. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. చెవి కప్పులు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. మీ ఇంటికి పనికి వచ్చినవారికి అవి లేకపోతే కొనిపెట్టమని ఇంట్లో అడగండి. బడి ఆవరణలో గడ్డిని సెలవురోజున కోయిస్తే పాఠాలూ సాగుతాయి.

ఇక పెరటి లెక్క. మూడు సెంట్ల దొడ్డి అంటే సుమారు 120 చదరపు మీటర్లు. నిమిషానికి ఆరు చదరపు మీటర్లు కోస్తే 20 నిమిషాలు. రెండు బ్యాటరీలుంటే సరిపోతుంది. రెండెకరాల మామిడితోట అయితే? 8,100 చదరపు మీటర్లు, ఇరవై రెండున్నర గంటలు, తొంభై బ్యాటరీలు! తోటలకు వాడే పెద్ద యంత్రం గంటకు అర లీటరు పెట్రోలు తాగినా పదకొండు పన్నెండు లీటర్లతో ఆ పని అవుతుంది. అందుకే ఇంటికి బ్యాటరీ యంత్రమే అంటాను, తోటకు ఇప్పటికీ పెట్రోలుదే. గేదె ఉన్న ఇంటికి మాత్రం కొడవలిని మించినది లేదు. దారం గడ్డిని తునకలు చేసి మట్టితో కలిపి చిమ్ముతుంది, అది మేతకు పనికిరాదు. కొడవలితో కోస్తే మోపు కట్టుకోవచ్చు.

బ్యాటరీకి రెండు జబ్బులున్నాయి. కొన్ని వందల చార్జీల తరువాత దాని పట్టు తగ్గుతుంది, కొత్తదాని ధర యంత్రం ధరలో పెద్ద భాగమే. ఎండ దానికి పడదు. పని అయ్యాక చల్లారనిచ్చి చార్జి చేయాలి, మే నెలలో వరండాలో వదలకూడదు. పెట్రోలు యంత్రానికి ఇంకో బాధ. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలం ముగిశాక ట్యాంకు ఖాళీ చేయకపోతే మరుసటి ఏడు కార్బురేటర్ మొరాయిస్తుంది.

యంత్రం ఏదైనా సరే, మీరు నడపకూడదు. సెకనుకు 94 మీటర్ల వేగంతో తిరిగే దారానికి గులకరాయి తగిలితే అది ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కోసే మనిషికి కళ్లద్దాలు ఉండాలి. మిగతావారంతా 15 మీటర్ల అవతల నిలవాలి. బ్యాటరీ యంత్రం చప్పుడు తక్కువ కాబట్టి చిన్నపిల్లలు జంకు లేకుండా దగ్గరికి వస్తారు. మీ చెల్లెలినో తమ్ముడినో ఆ కాసేపు లోపల కూర్చోబెట్టండి.

వయ్యారిభామ మీద దారం పెట్టవద్దు. దాని తునకలు, పుప్పొడి ఎగిరి ఒంటిమీద పడితే కొందరికి దురద, ఉబ్బసం వస్తాయి. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకుని పెద్దవాళ్లు వేళ్లతో పీకాలి. తుంగ సంగతి మరీ వేరు. ఎంత నున్నగా కోసినా వారం పదిరోజుల్లో మళ్లీ లేస్తుంది. దాని దుంపలు నేలలో ఉంటాయి. వాటిని పారతో తవ్వి ఏరాల్సిందే.