శామీర్‌పేట అలుగు దగ్గర ఒక సాయంత్రం

వానాకాలం రాగానే నగరవాసుల మనసు జలపాతాల మీదికి మళ్లుతుంది. ఆదిలాబాద్ అడవుల్లోని కుంటాల దాకా వెళ్లే తీరిక, స్తోమత అందరికీ ఉండవు. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల వారికి ఆ ముచ్చట తీర్చేది చెరువు అలుగే. సికింద్రాబాద్‌కు ఉత్తరాన సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉన్న శామీర్‌పేట చెరువు నిజాంల కాలం నాటిది. అది నిండిన సంవత్సరం మిగులు నీరు అలుగు మీదుగా దూకి దిగువకు సాగిపోతుంది.

అటువంటి ఒక ఏడాది మదర్సా విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని వెళ్లాను. నురగలతో పడుతున్న నీటిని చూసి పిల్లలు "సుబ్‌హానల్లాహ్" అన్నారు. ఒక బాలుడు మాత్రం, "ఉస్తాద్, ఇంత నీరు వృథాగా పోతోంది కదా! ఈ గోడ ఇంకొంచెం ఎత్తుగా కట్టవలసింది" అన్నాడు.

చెరువు నీటికి తూము, అలుగు అని రెండు దారులుంటాయని వివరించాను. తూము పొలాలకు నీరిస్తుంది. అలుగు కట్టను కాపాడుతుంది. అలుగు కట్టకంటే తక్కువ ఎత్తులో ఉంటుంది కనుక మిగులు నీరు అటే వెళ్లిపోతుంది. ఆ దారి మూస్తే నీరు మట్టికట్ట మీదుగా పొర్లి దానిని కోసివేస్తుంది. అప్పుడు మిగులే కాదు, చెరువంతా పోతుంది. దిగువ ఊళ్లు మునుగుతాయి. 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఎగువన అనేక చెరువులు తెగడం వల్లనే ప్రళయం అంత తీవ్రమైంది.

ఇంతలో అస్ర్ వేళయింది. వుజూ కోసం పిల్లలు అలుగు అంచుకు పరుగెత్తారు. పాచి పట్టిన రాతిపై ఒకడి కాలు జారింది. కుర్తా పట్టి వెనక్కి లాగాను. మోకాలు గీసుకుపోవడంతో గండం గడిచింది, అల్‌హమ్దులిల్లాహ్. తప్పు నాదే. నీటి గొప్పతనం చెప్పాను గాని, తడి రాతి ప్రమాదం ముందే చెప్పలేదు.

అందరినీ దూరంగా కూర్చోబెట్టి, వెంట తెచ్చిన సీసా నీటితోనే వుజూ చేయించాను. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా నీటిని దుబారా చేయరాదన్న దైవప్రవక్త (స) బోధను గుర్తుచేశాను.

తల్లిదండ్రులారా! పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. అయితే అలుగు గోడపైకి ఎక్కనివ్వకండి. మనమున్న చోట వాన లేకపోయినా, ఎగువన కురిస్తే ప్రవాహం పెరుగుతుంది. నీటి దారికి అడ్డుపడే ప్లాస్టిక్‌ను అక్కడ వదలకండి.

తిరుగు ప్రయాణంలో ఆ ప్రశ్న అడిగిన బాలుడే, "ఉస్తాద్, వచ్చినదంతా పట్టుకుని కూర్చుంటే చెరువుకే నష్టమన్నమాట" అన్నాడు. మరుసటి వారం జకాత్ పాఠం చెప్పవలసి ఉంది. సగం పాఠం వాడే చెప్పేశాడు.