రుక్మిణి ఉపగ్రహం: కక్ష్య, పౌనఃపున్యాలు, వ్యూహాత్మక స్వావలంబన

తీరానికి దూరమైన యుద్ధనౌకకు క్షితిజరేఖకు ఆవలి నుంచి సూక్ష్మతరంగాలు నేరుగా అందవు. హ్రస్వతరంగాలు దూరం చేరినా, వాటి స్థిరత్వం అయనావరణ స్థితిపై ఆధారపడుతుంది. ఈ పరిమితులను అధిగమించడానికి భారత నౌకాదళం కోసం ఇస్రో నిర్మించిన తొలి ప్రత్యేక సమాచార ఉపగ్రహం జీశాట్-7. దీని వ్యవహారనామం రుక్మిణి.

2,650 కిలోల ఈ ఉపగ్రహాన్ని 2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ బదిలీ కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆ కక్ష్యలో భూమికి అతిదూర బిందువు వద్ద వేగం సెకనుకు సుమారు 1.6 కిలోమీటర్లు, భూస్థిర కక్ష్యకు కావలసినది 3.07 కిలోమీటర్లు. హాసన్‌లోని ప్రధాన నియంత్రణ కేంద్రం ఉపగ్రహంలోని ద్రవ ఇంధన ఇంజన్‌ను మూడు విడతలు మండించి ఈ వ్యత్యాసాన్ని పూరించింది.

భూమధ్యరేఖపై 35,786 కిలోమీటర్ల ఎత్తున, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం దీని స్థానం. అక్కడి నుంచి అరేబియా సముద్రం, బంగాళాఖాతం, హిందూ మహాసముద్రంలో అధికభాగం ఏకకాలంలో దృష్టిపథంలో ఉంటాయి. అయితే సంకేతం పైకి వెళ్లి తిరిగి రావడానికి దాదాపు పావు సెకను పడుతుంది. పైగా స్థిరస్థానం ప్రత్యర్థికీ తెలిసినదే.

యూహెచ్ఎఫ్, ఎస్, సి, కేయూ అనే నాలుగు పట్టీలను ఇందులో అమర్చడంలో నౌకాదళ అవసరం స్పష్టమవుతుంది. యూహెచ్ఎఫ్ తరంగదైర్ఘ్యం ఎక్కువ. అందువల్ల అలలపై ఊగే నౌకలోని చిన్న యాంటెన్నాను ఉపగ్రహం వైపు కచ్చితంగా గురిపెట్టవలసిన అవసరం తక్కువ. కానీ సమాచార సామర్థ్యం స్వల్పం. కేయూ పట్టీ అధిక సమాచారాన్ని మోసినా, వర్షం వల్ల క్షీణిస్తుంది. నిరంతరం దిశ సవరించుకునే యాంటెన్నాను కోరుతుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించడమే బహుళ పట్టీల ప్రయోజనం.

ఉపగ్రహం స్వదేశీ నిర్మితమైనా ప్రయోగం పరదేశంలో జరగడం గమనార్హం. 2010లో రెండు జీఎస్ఎల్వీ ప్రయోగాలు విఫలమయ్యాయి. 2013 నాటికి ఇంతటి బరువును బదిలీ కక్ష్యకు చేర్చగల నమ్మకమైన స్వదేశీ వాహనం అందుబాటులో లేదు. దీని వారసురాలైన సుమారు 4,400 కిలోల సీఎంఎస్-03ను 2025 నవంబర్ 2న ఎల్వీఎం-3 శ్రీహరికోట నుంచే ప్రయోగించింది. రక్షణ సమాచార వ్యవస్థలో స్వావలంబన ఉపగ్రహ నిర్మాణంతో ముగియదని, దానిని కక్ష్యకు చేర్చే శక్తితోనే పూర్తవుతుందని ఈ రెండు ప్రయోగాల మధ్య గడచిన పన్నెండేళ్లు నిరూపిస్తున్నాయి.