వీధి వాడుక డ్రిఫ్ట్ కారు - సస్పెన్షన్, చక్రాలు, టైర్ల ఎంపిక

వీధి వాడుక డ్రిఫ్ట్ కారు అనగా నిత్యం రహదారిపై నడుస్తూ, అప్పుడప్పుడు పందెపు బాటపై డ్రిఫ్టింగ్‌కు కూడా ఉపయోగించే కారు. ఇటువంటి కార్లలో ఇంజను శక్తి సాధారణంగా వెనుక చక్రాలకు అందుతుంది. మలుపులో వెనుక టైర్లను కావాలని పట్టు తప్పించి, ముందు చక్రాలను మలుపుకు ఎదురు దిశలో త్రిప్పి పట్టి, యాక్సిలరేటరుతో ఆ జారుడును అదుపులో ఉంచుతూ నడపడమే డ్రిఫ్టింగ్. ఈ కారుకు భాగాలను ఎంచుకోవడంలో ఒక మౌలికమైన చిక్కు కలదు. పందెపు బాటపై వెనుక భాగం కోరినప్పుడు జారాలి. రహదారిపై, ముఖ్యంగా వానలో, అది జారరాదు. ఈ రెండు అవసరాలను ఒకే కారులో ఎలా సమన్వయపరచవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. జపాన్‌లో ఈ క్రీడకు విరివిగా వాడబడిన నిస్సాన్ సిల్వియా ఎస్13 ఇక్కడ ఉదాహరణగా తీసుకొనబడినది.

నేపథ్యం

1970వ దశకంలో జపాన్ పందెపు చోదకుడు కునిమిత్సు తకాహాషి మలుపులలో కారును జారనిచ్చి నడిపే పద్ధతికి పేరు పొందాడు. అతనిని చూసి ప్రభావితుడైన కేయిచి త్సుచియా కొండదారులలో ఆ పద్ధతిని సాధన చేసి, తరువాత "డ్రిఫ్ట్ కింగ్" అని ప్రసిద్ధి చెందాడు. అతని పేరుతో ముడిపడిన టయోటా ఏఈ86 కారు 1983 నుండి 1987 వరకు తయారైంది. డ్రిఫ్టింగ్ పోటీలకు జపాన్‌లో డీ1 గ్రాండ్ ప్రీ, అమెరికాలో 2004లో తొలి సీజను జరుపుకొన్న ఫార్ములా డ్రిఫ్ట్ ప్రసిద్ధి తెచ్చాయి. పోటీలలోని కార్లు క్రమంగా రహదారికి పనికిరానంతగా మారిపోయినా, కారును నడుపుకుంటూ పందెపు బాటకు వెళ్ళి, దానిలోనే ఇంటికి తిరిగివచ్చే ఔత్సాహికులు నేటికీ ఉన్నారు.

టైరు పట్టు - మూల సూత్రం

ఒక టైరు నేలపై చూపగల ఘర్షణ బలానికి ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితిలోనే వేగం పెంచడం, బ్రేకు వేయడం, మలుపు తిరగడం అనే పనులన్నీ జరగాలి. వెనుక చక్రాలకు ఇంజను శక్తిని అధికంగా ఇస్తే, పట్టులో ఎక్కువ భాగం కారును ముందుకు నెట్టడానికే ఖర్చవుతుంది. పక్కకు జారకుండా ఆపడానికి మిగిలేది తగ్గుతుంది. అప్పుడు వెనుక భాగం బయటకు జారుతుంది. సస్పెన్షన్, చక్రాలు, టైర్ల ఎంపిక అంతా ఈ జారుడు ఎప్పుడు మొదలవుతుంది, ఎంత నెమ్మదిగా పెరుగుతుంది, చోదకుడు దానిని సులువుగా నిలపగలడా అనే ప్రశ్నలకు సంబంధించినదే.

సస్పెన్షన్

ఎస్13 కారు 1988లో విడుదలైంది. దీని ముందు భాగంలో మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనుక భాగంలో మల్టీ లింక్ సస్పెన్షన్ ఉన్నాయి. ఇంత పాత కారులో కొత్త స్ప్రింగులు కొనడానికి ముందు అరిగిన రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ల చివరలు మార్చాలి. అవి వదులుగా ఉంటే చక్రాల కోణాలను ఎంత సరిచేసినా నిలవవు.

స్ప్రింగు బిగువును ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బరువుతో కొలుస్తారు. ఎస్13కు దొరికే వీధి వాడుక కాయిలోవర్ సెట్లలో ముందు 8 కిలోలు, వెనుక 6 కిలోల బిగువు తరచుగా కనిపిస్తుంది. కాయిలోవర్ అనగా షాక్ అబ్జార్బరు, దాని చుట్టూ స్ప్రింగు, ఎత్తు మార్చుకొనే మరలు కలిసిన భాగం. స్ప్రింగు గట్టిపడితే కారు ఒరగడం తగ్గి, స్టీరింగు త్రిప్పగానే స్పందిస్తుంది. అయితే గతుకుల రోడ్డుపై మరీ గట్టి స్ప్రింగు టైరును నేల నుండి ఎగరవేస్తుంది. నేలను తాకని టైరుకు పట్టు ఉండదు. స్ప్రింగుకు తగిన షాక్ అబ్జార్బరు లేకున్నా ఇదే ఫలితం.

కారును క్రిందికి దించితే గురుత్వ కేంద్రం తగ్గుతుంది. కానీ మరీ దించినచో ముందు క్రింది చేతులు చక్రం వైపు పైకి వాలి, సస్పెన్షన్ జ్యామితి చెడి, ఒరిగే గుణం తిరిగి పెరగవచ్చును. అందుచేత స్వల్పంగా దించడం మేలు.

చక్రాల కోణాలలో మూడు ముఖ్యమైనవి.

కేంబర్: ముందు నుండి చూసినప్పుడు చక్రపు వాలు. చక్రం పైభాగం లోపలికి వాలితే ఋణ కేంబర్. వీధి వాడుకకు ముందు చక్రాలకు 2 నుండి 3 డిగ్రీల ఋణ కేంబర్ సరిపోతుంది. ఇంకా పెంచితే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోవడమే గాక తిన్నగా బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. వెనుక చక్రాలకు సున్నా నుండి 1 డిగ్రీ వరకు చాలును.

కాస్టర్: పక్క నుండి చూసినప్పుడు స్టీరింగు అక్షపు వాలు. ఇది ఎక్కువైతే, కారు జారుతున్నప్పుడు ముందు చక్రాలు జారే దిశకు తమంతట తాము తిరుగుతాయి. డ్రిఫ్టింగ్‌లో చోదకునికి ఇది పెద్ద సహాయం.

టో: పై నుండి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచుల మధ్య దూరానికి, వెనుక అంచుల మధ్య దూరానికి గల తేడా. వెనుక చక్రాలు కొద్దిగా లోపలికి చూస్తుంటే కారు తిన్నగా స్థిరంగా పోతుంది.

స్టీరింగు మరింత తిరిగేటట్లు మార్పు చేసినచో, చక్రాలను రెండు వైపులా పూర్తిగా త్రిప్పి టైరు, బ్రేకు గొట్టం ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకోవాలి.

చక్రాలు

చక్రం కొనేటప్పుడు వ్యాసం, వెడల్పు, బోల్టుల సంఖ్య, బోల్టుల వలయపు వ్యాసం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ చూడాలి. జపాన్ ఎస్13కు 4 బోల్టులు, 114.3 మి.మీ. వలయం, 66.1 మి.మీ. మధ్య రంధ్రం. ఆఫ్‌సెట్ అనగా చక్రపు మధ్యరేఖ నుండి హబ్బుకు ఆనే తలం వరకు గల దూరం. ఉదాహరణకు 6.5 అంగుళాల వెడల్పు, 40 మి.మీ. ఆఫ్‌సెట్ గల చక్రానికి బదులు 8 అంగుళాల వెడల్పు, 30 మి.మీ. ఆఫ్‌సెట్ గలది బిగించారనుకొందాం. వెడల్పు 38 మి.మీ. పెరిగింది, అందులో సగం, అనగా 19 మి.మీ. ఒక్కొక్క వైపుకు చేరుతుంది. ఆఫ్‌సెట్ 10 మి.మీ. తగ్గినందున చక్రం బయటకు మొత్తం 29 మి.మీ., లోపలికి 9 మి.మీ. జరుగుతుంది. ఫెండరులో అంత చోటు ఉన్నదా అని ముందే కొలుచుకోవాలి. జపాన్‌లో తేలిక లోహపు చక్రాల ప్రమాణానికి గుర్తు జేడబ్ల్యూఎల్; ఆ ముద్ర లేని చవక నకళ్ళు పక్కకు పడే బలానికి పగిలే ప్రమాదం ఉంది.

టైర్లు

205/60ఆర్15 అని ఉంటే 205 మి.మీ. వెడల్పు, అందులో 60 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము అని అర్థం. పక్కగోడ 123 మి.మీ.; రిమ్ము 381 మి.మీ.; మొత్తం వ్యాసం 627 మి.మీ. దీనికి బదులు 17 అంగుళాల చక్రానికి 215/45ఆర్17 వేస్తే వ్యాసం సుమారు 625 మి.మీ., 225/45ఆర్17 వేస్తే సుమారు 634 మి.మీ. అవుతుంది. తేడా స్వల్పం కాబట్టి వేగసూచికలో దోషం పెద్దగా రాదు.

అమెరికా పద్ధతి ప్రకారం టైరుపై ఉండే ట్రెడ్‌వేర్ సంఖ్య అరుగుదలను సూచిస్తుంది. సాధారణంగా సంఖ్య తక్కువైతే రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. డ్రిఫ్టింగ్ చేసేవారు ముందు మంచి పట్టు గల టైర్లు, వెనుక చవకైన గట్టి టైర్లు వేయడం పరిపాటి. వెనుక టైర్లు కొద్ది సేపటిలోనే అరిగిపోతాయి గనుక ఖర్చు కూడా కలిసివస్తుంది.

తిరుగు ప్రయాణం

పై అమరికలోనే అసలు ప్రమాదం దాగి ఉన్నది. రహదారిపై భద్రతకు మంచి టైర్లు వెనుక ఉండాలనేది నియమం. డ్రిఫ్ట్ అమరిక దానికి పూర్తిగా విరుద్ధం. రోజంతా అరగదీసిన వెనుక టైర్లతో వానలో ఇంటికి బయలుదేరితే, గాడులు లేని టైరు నీటి పొరను చీల్చలేక తేలుతుంది. అప్పుడు చోదకుడు కోరకుండానే వెనుక భాగం జారుతుంది. పందెపు బాటపై పక్కన ఖాళీ స్థలం ఉంటుంది. రహదారిపై ఎదురుగా మరొక కుటుంబం వస్తూ ఉంటుంది.

దీనికి సులభమైన పరిష్కారం రెండు జతల వెనుక చక్రాలు. మంచి టైర్లు గల జతతో ప్రయాణించి, పాత జతను కారులో తీసుకొనిపోయి బాట వద్ద మార్చుకోవాలి. సాయంత్రం మంచి జతను తిరిగి బిగించి, నట్లను టార్క్ రెంచితో నిర్దేశిత బిగువుకు తేవాలి. గాలి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. జారుడుతో వేడెక్కిన టైరులో పీడనం పెరుగుతుంది. అప్పుడు గాలి తీసినచో, చల్లారిన తరువాత పీడనం ఉండవలసినదానికంటే తగ్గిపోతుంది. కాబట్టి బయలుదేరే ముందు, టైర్లు చల్లారిన పిదప గాలి సరిచూడాలి.

చట్ట నిబంధనలు

జపాన్‌లో సొంత కార్లకు మొదట మూడేళ్ళకు, తరువాత రెండేళ్ళకొకసారి తనిఖీ తప్పనిసరి. నేల నుండి కారు ఎత్తు కనీసం 9 సెం.మీ., టైరు గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 189వ సెక్షను బహిరంగ ప్రదేశాలలో అనుమతి లేని వేగ పందేలకు శిక్ష విధిస్తుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలకు కూడా ఇవి వర్తిస్తాయి. ఏ దేశంలోనైనా డ్రిఫ్టింగ్‌కు తగిన స్థలం పందెపు బాట మాత్రమే.