‘కేరుగ్మ’ శబ్దవిచారము

నూతన నిబంధనమునందు మతప్రచారమును దెలుపు గ్రీకు పదములలో ‘కేరుగ్మ’ ముఖ్యమైనది. దీనికి ప్రసంగమనియు బోధయనియు సామాన్యముగా నర్థము చెప్పుదురు. ఆ యర్థము శబ్దమూలమునకు దూరమని మా యభిప్రాయము.

గ్రీకున ‘కేరుక్స్’ అనగా రాజు మాటను చాటువాడు. హోమరు రచించిన ఇలియడ్ కావ్యమున తాల్తుబియోసు, యూరుబటేసు అను నిరువురు అగమెమ్నాను పంపున బ్రిసేయిసును గొనిపోవ వచ్చిరి. అఖిల్లెసు వారిపై గినియడు. తప్పు పంపినవానిదే యని వారిని సాదరముగా బిలుచును. మాట రాజుది, నోరు మాత్రమే వీరిది. ‘కేరుస్సో’ యనగా చాటుచున్నాను. దానిపై ఫలార్థకమైన ‘మ’ ప్రత్యయము చేరగా ‘కేరుగ్మ’ యైనది. కావున నిది ప్రధానముగా చాటబడిన విషయము. చాటుటయను క్రియ పిదపటి యర్థము. వక్త నేర్పునకు నిందు చోటు లేదు.

నూతన నిబంధనమున ఈ క్రియ యించుమించు అరువది మారులు కానవచ్చుచుండగా, ‘కేరుక్స్’ అను నామము మూడుమారులే కలదు. చాటువానికంటె చాటుటయే ముఖ్యమను భావ మిందు సూచితమని మేము తలంతుము. 1936లో సి. హెచ్. డాడ్ పండితుడు కేరుగ్మను, విశ్వాసులకు జేయు బోధయగు ‘దిదఖే’ నుండి వేరుపఱచెను. ఆ విభాగ మంత కచ్చితము కాదని పిదపటి వారనిరి. పదముల భేదము మాత్రము నిలుచుచున్నది.

ఇక తెలుగు బైబిలున దీనికి ‘ప్రకటన’ యను పదము వాడబడినది. ప్రకటమనగా స్పష్టమైనది, ప్రకటన యనగా మఱుగున నున్నదానిని వెల్లడించుట. ముసుగు తొలగించుట యను నర్థముగల ‘అపొకలుప్సిస్’ గ్రంథమునకు ప్రకటన గ్రంథమని పేరిడుట మిక్కిలి యుచితమే. కాని చాటువానిని, వానిని బంపిన ప్రభువును ఈ పదము స్ఫురింపజేయదు.

యోనా గ్రంథమున 3వ అధ్యాయము చూడుడు. ప్రవక్త నీనెవెలో పలుకుటకును, పురజనులు ఉపవాసదినమును నిర్ణయించి తెలుపుటకును హీబ్రూన నొకే ధాతువు. గ్రీకు అనువాదమునను నొకే క్రియ. తెలుగున మొదటిది ‘ప్రకటన’, రెండవది ‘చాటించుట’ అయినవి. రెండవ పదమే కేరుగ్మకు సన్నిహితము. తప్పెట మ్రోగించి ఊర దండోరా వేయువాడు ఆ మాట తనదని యెన్నడును చెప్పుకొనడు. అది హీనవృత్తిగా నెంచబడినందున నీ పదము తగదని కొందఱనవచ్చును. తన బలహీనతను దాచుకొనని పౌలునకు ఆ యాక్షేపణ తగులదు.

చాటు అనగా మఱుగు అను నర్థమును మనకు గలదు. చాటుపద్యములలోని చాటుశబ్దము సంస్కృతము. ఈ మూడును వేర్వేఱు పదములు. ‘చాటింపు’ అన్నచో నీ సందేహమునకు దావు లేదు.