చలి రాలేదని విత్తు నాపవచ్చునా?

కార్తికము వచ్చినను గొంగడి తీయవలసిన పని లేకపోయెననియు, ఈ యేడు కాలము తప్పినదనియు సభ్యులు పలువురు నాతో ననుచున్నారు. శనగ విత్తుట కొందరు ఆపియున్నారు. మామూలు చలి యన నేమి? మనకు మామూలనగా గడచిన యేటి చలియే. వాతావరణ శాఖవా రట్లుగాక, ఒక్కొక్క స్థలమునకు 30 యేండ్ల లెక్కలు చేర్చి సగటు కట్టుదురు. ఇప్పటి సగటు 1991 మొదలు 2020 వరకు గల యేండ్లది. సగటు గాన కొన్ని యేండ్లు దానికి పైన, కొన్ని క్రింద నుండుట సహజము. మబ్బు పట్టిన రాత్రి నేలవేడి తేలికగా పైకి పోదు. తూర్పుగాలి తేమను దెచ్చినంతకాలము వేకువను చలి తక్కువ. ఆకసము తేటపడి ఉత్తరపుగాలి తిరిగెనేని కొలది దినములలోనే చలి దిగవచ్చును.

కర్నూలు, నంద్యాల ప్రాంతపు నల్లరేగళ్లలో శనగ వేయువారికి ముందు చూడవలసినది పదును. పైరు పెరుగుటకు చలి మేలే. మొలకకు గావలసినది తేమ. ఒక యేడు నేనే చలికై ఆగుడని యొక రైతునకు చెప్పితిని. పది దినములలో పైమన్ను ఆరిపోయి విత్తనము సగము మొలవలేదు. ఆయన నన్నొక్క మాటయు ననలేదు. అదియే నాకు కష్టముగా నుండెను. ఆలస్యముగా వేసిన పైరునకు కాయ నిండువేళ ఎండ తగులును. కావున పదునున్నచో గొర్రు కట్టుడు. మబ్బు దినములలో మాత్రము పచ్చపురుగు గ్రుడ్లకై చిగుళ్లు వెదకుచుండవలెను.